హ్యూస్టన్ నుంచి వస్తున్న ఫ్రెండ్‌తో ఎమరాల్డ్ లేక్ నడక: ఎలా ప్లాన్ చేయాలి?

అరోరావాసి:
జూలైలో ఓ శుక్రవారం రాత్రి ఫ్రెండ్ దిగుతున్నాడు, సోమవారం పొద్దున తిరుగు ఫ్లైట్. శనివారం ఇక్కడి (కొలరాడో) రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ లేక్ దాకా నడిచి వద్దామని అనుకుంటున్నాం. రోజూ నడిచే మనిషే, కొండలు మాత్రం కొత్త. పదింటికి తీరిగ్గా బయల్దేరితే చాలా? తిండి, నీళ్ళు, బట్టలు ఏం చూసుకోవాలి? పార్క్‌లోకి ఫలానా టైముకి వెళ్ళడానికి తీసుకునే పర్మిట్ (టైమ్డ్ ఎంట్రీ) ఇంకా తీసుకోలేదు.

కొండదారి:
ముందు నడకని ఆదివారానికి మార్చండి. దూరం సమస్యే కాదు, రానూపోనూ మూడున్నర మైళ్ళు. కష్టమంతా ఎత్తుతోనే. బేర్ లేక్ పార్కింగే 9,475 అడుగుల మీద ఉంది, ఎమరాల్డ్ లేక్ పదివేలు దాటుతుంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం కన్నా సుమారు 30 శాతం తక్కువ. సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్న హ్యూస్టన్ నుంచి వచ్చిన మర్నాడే ఎక్కితే తలనొప్పి, వికారం రావచ్చు. రోజూ పరుగెత్తేవాళ్ళకైనా అంతే, దీనికీ ఫిట్‌నెస్‌కీ సంబంధం లేదు. మీ అరోరా కూడా కొంత ఎత్తులోనే ఉంది కాబట్టి రెండు రాత్రులు మీ ఇంట్లో పడుకుంటే ఒళ్ళు కొంత సర్దుకుంటుంది. శనివారం డెన్వర్ దగ్గరి రెడ్ రాక్స్ పార్క్‌లో ఓ గంట తిప్పండి చాలు. ఆ రాత్రి మందు పార్టీ పెట్టకండి.

దారిలో ఆయన్నే ముందు నడవనివ్వండి. ఇక్కడివాళ్ళు ముందు నడిస్తే చుట్టం మొహమాటానికి అదే వేగం అందుకోబోతాడు, దారిలో మొదటి సరస్సు నింఫ్ లేక్ చేరేసరికే ఆయాసం. మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనది. మాట తెగుతోందంటే ఆగండి.

లాంగ్‌మాంట్ నుంచి:
పదింటికైతే వద్దండీ. జూలైలో మధ్యాహ్నం మబ్బు కమ్మి పిడుగులు పడటం ఇక్కడ మామూలే. పదకొండున్నరకల్లా కారు దగ్గరికి వచ్చేసేలా చూసుకోండి. ఉరుము వినబడితే సరస్సు ఇంకో పావుమైలే ఉన్నా సరే, వెనక్కి తిరగండి.

పర్మిట్లలో రెండు రకాలున్నాయి. మీకు కావలసింది బేర్ లేక్ రోడ్ కలిసినది. రెండోది తీసుకుంటే ఆ రోడ్డు మొదట్లోనే ఆపేస్తారు. కారు పెట్టి షటిల్ బస్సు ఎక్కే పార్క్ అండ్ రైడ్ కూడా ఆ రోడ్డు మీదే ఉంది కాబట్టి దానికీ అదే పర్మిట్. నెలవారీ కోటా అయిపోతే ముందురోజు రాత్రి 7 గంటలకి రిక్రియేషన్ డాట్ గవ్‌లో మిగతావి వదులుతారు. లాగిన్ అయి, కార్డు వివరాలు పెట్టుకుని సిద్ధంగా ఉండండి, నిమిషాల్లో అయిపోతాయి. ఫీజు 2 డాలర్లు, పార్క్ ఎంట్రీ టికెట్ వేరే. ఏటా చిన్న మార్పులుంటాయి, పార్క్ సైట్ ఒకసారి చూడండి.

పులిహోర_ప్యాక్:
మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. సరస్సు నీళ్ళు ఫిల్టర్ చేయకుండా తాగితే జియార్డియా (విరేచనాలు తెచ్చే పరాన్నజీవి) భయం. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, జిడ్డు తిండి సహించదు. పులిహోర బాగా పనికొస్తుంది: ఉప్పు, పులుపు ఉంటాయి, చల్లారినా తినబుద్ధవుతుంది. ఒకేసారి కడుపునిండా కాకుండా నింఫ్ తర్వాత వచ్చే డ్రీమ్ లేక్ దగ్గర సగం, పైన సగం తినండి. ఉడతలు ఒళ్ళోకి వచ్చేస్తాయి, మెతుకు కూడా వేయకూడదు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. పాలిస్టర్ టీషర్టు, పల్చని ఫ్లీస్, వాన జాకెట్, టోపీ, సన్‌స్క్రీన్. జూన్‌లో అయితే గట్టిపడ్డ మంచుమీద జారకుండా మైక్రోస్పైక్స్ (బూట్లకి తొడిగే ఇనప ముళ్ళు) కూడా కావాలి.

అరోరావాసి:
ఆదివారానికి మార్చాం. డ్రీమ్ లేక్ దగ్గర తలనొప్పి మొదలైతే?

కొండదారి:
కూర్చోబెట్టి నీళ్ళు, కాస్త తిండి ఇచ్చి ఇరవై నిమిషాలు చూడండి. తగ్గితే మెల్లగా వెళ్ళొచ్చు. తగ్గకపోయినా, వాంతి వచ్చినా వెంటనే కిందికి దిగండి. మాత్ర వేసి పైకి తీసుకెళ్ళొద్దు. అడుగు తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది ఎమర్జెన్సీ: ఒంటరిగా వదలకుండా దించుతూనే 911కి ఫోన్ చేయండి. సిగ్నల్ అందకపోతే దారిలో కనబడ్డ వాళ్ళని కిందికి పంపి రేంజర్‌కి చెప్పించండి.