సంప్రదాయవాది అయిన ప్రొఫెసరు క్లాసులో తన అభిప్రాయం చెప్పొచ్చా?

బ్రాడీపేట పాఠకుడు:
కుటుంబం, మతం, మాతృభాష విషయాల్లో పాతదాన్ని తొందరపడి కూల్చకూడదని నమ్మే ప్రొఫెసరును సంప్రదాయవాది అనుకుందాం. మన గుంటూరు, బెజవాడ కాలేజీల్లో అలాంటివాళ్లకు చాలాకాలం "ఛాందసుడు" అన్న ముద్రే దక్కింది. ఇప్పుడు ఢిల్లీలో గాలి వాళ్లవైపు తిరిగింది. రాష్ట్రంలోనేమో 2019లో ఒకసారి, 2024లో ఒకసారి ప్రభుత్వం మారింది. ఈ పరిస్థితిలో ఆయన నోరు విప్పాలా, కట్టేసుకోవాలా? విప్పాలనే నా వాదన. సంప్రదాయం పక్షాన నిలిచిన విశ్వనాథ సత్యనారాయణ గారు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పారు. తెనాలిలో హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పురాణాలను నిలదీశారు. ఇద్దరూ తమ మాట దాచుకోలేదు. రెండు గొంతులూ వినడం ఈ ప్రాంతానికి అలవాటే.

నంబూరు స్కాలర్:
సార్, విశ్వనాథ వారి రోజులు వేరు. ఇవాళ ప్రొఫెసరు చేతిలో ఇంటర్నల్ మార్కులున్నాయి, పీహెచ్‌డీ సీటు ఉంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం యూనివర్సిటీ సొంత ప్రవేశ పరీక్షలో రాతకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. రాతలో రెండు మూడు మార్కుల తేడాతో ఉన్నవాళ్ల భవిష్యత్తు ఆ 30లోనే తేలుతుంది. ప్రొఫెసరు దగ్గర ఒకేసారి ఎనిమిదిమందికి మించి స్కాలర్లు ఉండకూడదు కాబట్టి పోటీ ఎక్కువ. గైడు అభిప్రాయం ముందే తెలిస్తే విద్యార్థి దానికి తగ్గట్టు టాపిక్ మార్చుకుంటాడు. కులాంతర వివాహాల మీద పని చేద్దామనుకున్న అమ్మాయి గ్రామదేవతల జాతరల మీదికి వెళ్లిపోతుంది. ఎవరూ బెదిరించి ఉండరు, ఫిర్యాదూ ఉండదు. వామపక్ష గైడు దగ్గరా ఇదే జరుగుతుంది, ఒప్పుకుంటాను. అందుకే ఎవరైనా సరే క్లాసులో చెప్పకపోవడం మంచిదంటున్నాను.

సోషియాలజీ టీచర్:
చెప్పకపోతే అభిప్రాయం ఎక్కడికీ పోదండీ, ప్రశ్నపత్రంలోకి దూరుతుంది. "ఉమ్మడి కుటుంబ వ్యవస్థ విశిష్టతను వివరించండి" అని అడిగితే, విశిష్టత ఉందని మనమే ముందు తేల్చేసినట్టు. ఒప్పుకోని పిల్లవాడు ఎక్కడ రాయాలి? అదే "ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమవుతోందన్న అభిప్రాయాన్ని సామాజిక శాస్త్రవేత్త ఎ.ఎం. షా పరిశోధన ఆధారంగా పరీక్షించండి" అంటే ఇద్దరికీ పని ఉంటుంది. ఉమ్మడి కుటుంబం పోయి చిన్న కుటుంబం వచ్చిందన్న సూటి కథను షా ప్రశ్నించారు. కాబట్టి సంప్రదాయవాదికి ఆయన పనికొస్తారు, అవతలివాళ్లకూ గట్టి పరీక్ష పెడతారు.

దిద్దేటప్పుడు మార్కులు ముందే విడగొట్టుకోవాలి. పది మార్కుల ప్రశ్నకు నేను సూచించేది ఇది: వాదనను సరిగ్గా చెప్పడానికి 4, ఆధారాలకు 3, ఎదుటి వాదనకు జవాబుకు 2, పొందికకు 1. ఏ పక్షం తీసుకున్నాడన్నదానికి సున్నా. ఇది సెమిస్టర్ మొదటి వారంలోనే నోటీసు బోర్డులో ఉండాలి. మధ్యలో పెడితే ఎవరికోసమో పెట్టారంటారు. పేరున్న పేజీ మడిచి దిద్దినా, ఇరవైమంది ఉన్న క్లాసులో చేతిరాత ఇట్టే గుర్తుపడతాం. అందుకని వివాదమున్న ప్రశ్నల జవాబులను డిపార్టుమెంటులో ఇంకొకరు కూడా విడిగా దిద్దాలి. ఇద్దరికీ రెండు మార్కులకు మించి తేడా వస్తే కలిసి కూర్చుని చూడాలి.

ఇక క్లాసులో. ముందు ఎదుటిపక్షం వాదన చెప్పాలి, అదీ ఆ పక్షంవాళ్లు విని "మా మాట ఇదే" అనేట్టు. కులం గురించి చెబుతూ అంబేద్కర్‌ను రెండు వాక్యాల్లో దాటేసేవాడికి తన అభిప్రాయం చెప్పే అర్హత లేదు. స్వకుల వివాహమే కులానికి మూలమని ఆయన 1916లో చేసిన వాదనను పూర్తిగా బోర్డు మీద పెట్టాలి. ఆ తర్వాత పిల్లలు అడిగితే "నా ఉద్దేశం ఇది, దీనికీ మార్కులకూ సంబంధం లేదు" అని రెండు నిమిషాల్లో ముగించాలి.

కాంట్రాక్ట్ గొంతు:
మేడం గారూ, మీరు చెప్పినవన్నీ పర్మనెంటు వాళ్లకు సరిపోతాయి. పర్మనెంటు ఉద్యోగికి ఛార్జి మెమో, అంటే ఆరోపణల నోటీసు వస్తుంది, సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం ఉంటుంది, విచారణ జరుగుతుంది, సస్పెండ్ చేసినా జీవనభృతి అందుతుంది. ఏడాదికోసారి రెన్యువల్ మీద బతికేవాడిని తీసెయ్యడానికి మెమో కూడా అక్కర్లేదు, జూన్‌లో ఆర్డరు రాకపోతే చాలు. ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. అధ్యాపకులు సెమినార్లలో స్వేచ్ఛగా, నిర్మొహమాటంగా అభిప్రాయం చెప్పాలని 2018 యూజీసీ నిబంధనల్లోని వృత్తి నియమావళే అంటోంది. రెన్యువల్ ఆగినవాడు వీటితో కోర్టుకెక్కేలోపు రెండు విద్యాసంవత్సరాలు గడిచిపోతాయి.

అసలు ప్రమాదం నలభై సెకన్ల ఫోను క్లిప్పు. మీరు చెప్పిన పద్ధతిలో ముందు ఎదుటి వాదన చెబుతుండగా తీసిన ముక్క బయటికొస్తే, అదే మీ సొంత మాట అయిపోతుంది. మత విషయమైతే విద్వేషం రెచ్చగొట్టారనో, మతభావాలను గాయపరిచారనో భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్ల కింద ఫిర్యాదు దాకా వెళ్లొచ్చు. కాబట్టి టీచింగ్ డైరీలో "కుటుంబ వ్యవస్థ" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. ఏ రచయిత, ఏ అధ్యాయం, ఏ రెండు వాదనలు అన్నది అదేరోజు రాసి హెచ్‌ఓడీ (డిపార్టుమెంటు హెడ్) సంతకం తీసుకోండి. మెమో వస్తే గడువులోపు కాగితం మీదే జవాబిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, పూర్తి రికార్డింగు ఇవ్వమని అందులోనే అడగండి. ఫేస్‌బుక్‌లో జవాబు రాస్తే అదే రెండో ఆరోపణ అవుతుంది.

బ్రాడీపేట పాఠకుడు:
డైరీ సంగతి పర్మనెంటు వాళ్లూ పాటించాల్సిందే. ఇంకో విషయం. గాలిని బట్టి మాట ఆపుకుంటే ఎప్పటికీ మాట్లాడలేం. బడిలో తెలుగు మీడియం ఉండాలనడం 2019 నవంబరులో ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మీడియం పెట్టే జీవో 81 వచ్చాక ప్రభుత్వ వ్యతిరేకత అయింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేశాక అదే మాట హైకోర్టు తీర్పు పక్షాన నిలిచింది. అప్పుడు సంప్రదాయవాదులూ అభ్యుదయవాదులూ ఆ విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. అమరావతే రాజధానిగా ఉండాలని 2020లో అంటే ధిక్కారం అనిపించింది, 2024 జూన్ తర్వాత అదే వాక్యం ప్రభుత్వ విధానం. మాట మారలేదు, ముద్ర మారింది.

సోషియాలజీ టీచర్:
సరే, గాలి మనవైపు వీచినప్పుడు? 2024లో ప్రభుత్వం మారగానే రాష్ట్రంలో చాలామంది వైస్ ఛాన్సలర్లు రాజీనామా చేశారు. పదవి పార్టీతో ముడిపడితే జరిగేదదే. ఢిల్లీలో తన భావాలకు విలువ పెరిగింది కదా అని నామినేటెడ్ కమిటీల చుట్టూ తిరిగే సంప్రదాయవాది, నిన్నటిదాకా తను ఎవరిమీద ఫిర్యాదు చేశాడో వాళ్ల దారిలోనే నడుస్తున్నట్టు. ఇవాళ వామపక్ష సహోద్యోగికి మెమో వస్తే, విచారణ నియమాల ప్రకారం జరగాలని కోరే లేఖ మీద మొదటి సంతకం ఆయనదే కావాలి. అది చేసినవాడు క్లాసులో ఏ అభిప్రాయం చెప్పినా వింటాను.

నంబూరు స్కాలర్:
క్లాసు విషయంలో మీ పద్ధతి నాకు సమ్మతమే మేడం, డైరీతో సహా. ఇంటర్వ్యూ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. బోర్డులో ప్రతి సభ్యుడూ అభ్యర్థి బయటికి వెళ్లగానే, చర్చ మొదలుకాకముందే తన మార్కులు వేసి సంతకం పెట్టాలి. తర్వాత సగటు తీయాలి. సీనియర్ ప్రొఫెసరు నోటి వెంట "ఈ టాపిక్ మనకు పనికిరాదు" అన్న మాట ముందొస్తే, మిగతావాళ్ల పెన్నులు అటే కదులుతాయి. ఆయన అభిప్రాయం ఏదైనా సరే. బ్రాడీపేట సార్, దీనికి మీరు ఒప్పుకుంటారా?

బ్రాడీపేట పాఠకుడు:
మార్కులు ముందే వేయడానికి ఒప్పుకుంటాను. టాపిక్ గురించి బోర్డులో అసలు మాట్లాడకూడదంటే మాత్రం ఒప్పుకోను. గైడు చేయలేని టాపిక్ అయితే అప్పుడే చెప్పాలి, కారణం మినిట్స్‌లో రాయాలి.