చెల్లికి ల్యాప్‌టాప్: కొత్తదా, ఎస్పీ రోడ్డులో పాతదా?

సురేష్_మారతహళ్లి: చెల్లి ఇంజనీరింగ్‌లో చేరుతోంది. 40 వేలలో కొత్తది కొనాలా, బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) బిజినెస్ మోడల్ తీసుకోవాలా? నాలుగేళ్లు నిలవాలి.

మూర్తి_రిపేర్: పాతదే తీసుకోండి. చవక మోడళ్లలో హింజ్ (మూత తిరిగే కీలు) స్క్రూలు పట్టుకునేది ప్లాస్టిక్‌లో దిగ్గొట్టిన చిన్న ఇత్తడి నట్లనే. హింజ్ బిగుసుకుంటే, మూత తెరిచిన ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ మీద లాగుడు పడుతుంది. ఒకరోజు నట్టుతో సహా ఊడొస్తుంది. 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 చూడండి, బిజినెస్ మోడలే. ర్యామ్ (మెమరీ) విడిగా మార్చుకునేలా రెండు స్లాట్లున్నాయి, వెనక బ్యాటరీ చేత్తోనే ఊడొస్తుంది.

పద్మజ_వైట్‌ఫీల్డ్: పాతవన్నీ గట్టివనకండి. 2000 తర్వాత కొన్నేళ్లు మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి కారిపోయేవి. ఆ మెషీన్లు ఇప్పుడు లేవు కాబట్టి మనకి కనిపించడం లేదు, అంతే. నేను రీఫర్బిష్డ్ కొంటే బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. షాపులో అడిగితే "టెస్టింగ్ వారంటీ అయిపోయింది మేడమ్" అన్నారు.

కిరణ్_బీటీఎం: విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలి కాబట్టి 8వ తరం కంటే పాత ఇంటెల్ వద్దు.

మూర్తి_రిపేర్: పద్మజ గారూ, బ్యాటరీ అంటే మార్చుకునే సామాను. నేను అడుగుతున్నది హింజ్ గురించి. దానికి జవాబు చెప్పండి.

పద్మజ_వైట్‌ఫీల్డ్: ఎంతసేపూ హింజేనా? బ్యాటరీ ఉబ్బితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పాత సరుకు అమ్ముకునేవాళ్లకి అది పట్టదు.

మూర్తి_రిపేర్: నేను అమ్మను, బాగుచేస్తాను. మొన్న ఒకావిడ కొడుకు ల్యాప్‌టాప్ తెచ్చింది. ఇంకా ఈఎంఐ కడుతోంది. ర్యామ్ బోర్డుకే సాల్డర్ చేసి ఉంది, అదే పోయింది. చిప్ మార్చే మెషీన్ నా దగ్గర లేదు. సర్వీస్ సెంటర్ బోర్డంతా మార్చాలంది, ఆ ఖర్చుతో ఇంకోటి వస్తుంది. ఆవిడని ఉత్తచేతులతో పంపించాను. నా కోపం ఇక్కడ.

పద్మజ_వైట్‌ఫీల్డ్: అది న్యాయమైన కోపమే. కానీ మీకు స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు, ఆ పిల్లకి రాదు. పాడైతే నాది బాధ్యత అనే మనిషి ఒకడుండాలి. బిల్లు లేని షాపువాడు ఆ మాట ఎందుకంటాడు?

మూర్తి_రిపేర్: కంపెనీవాళ్లు మాత్రం అంటున్నారా? హింజ్ విరిగితే ఫిజికల్ డ్యామేజ్ అని చేతులు దులుపుకుంటున్నారు. విప్పడానికి వీలుంటే ఏ ఊళ్లో అయినా ఎవరో ఒకరు చేసిపెడతారు.

సురేష్_మారతహళ్లి: కాలేజీ మదనపల్లె వైపండి. హాస్టల్.

మూర్తి_రిపేర్: అలాగైతే టీ480నే. వెనక మూత తీయించి ర్యామ్ స్లాట్లు కళ్లారా చూసి కొనండి.

పద్మజ_వైట్‌ఫీల్డ్: నేను కొత్తదే అంటాను. పాతదే కొంటే బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి.