సమస్యాపూరణం: బొమ్మ కదలఁగానె పోయె నుసురు

నిర్వహణ:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

బొమ్మ కదలఁగానె పోయె నుసురు

బొమ్మ, కదలఁ, గానె, పోయె, నుసురు: ఐదూ సూర్యగణాలే (గురువు లఘువు, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, బొ–పోలకు. విషయం, సూపర్‌హీరో కామిక్కులు సినిమాలయ్యాక ప్రేక్షకుడు ఉసూరుమంటూ హాల్లోంచి బయటికి రావడం. బొమ్మంటే గీసిన బొమ్మ కావచ్చు, తెరమీద పడే బొమ్మా కావచ్చు. పద్యం కింద ఏ సినిమాయో, తప్పు సరిగ్గా ఎక్కడ జరిగిందో రాయండి. ఊరికే తిడితే పూరణ కిందికి రాదు. అరసున్నలు మీ ఇష్టం, యతి మాత్రం కాదు.

గడిరాత:

గడికి గడికి నడుమ ఖాళీని పాఠకుఁ
డూహతోడ నింపి యుసురు వోయుఁ
దెరను దానినెల్లఁ దేటగాఁ జూపింప
బొమ్మ కదలఁగానె పోయె నుసురు

నా ఉదాహరణ 'వాచ్‌మెన్' కామిక్కు. అలన్ మూర్ రచన, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు, 1986–87ల్లో 12 సంచికలు. చాలా పేజీలు మూడు వరుసల్లో మూడేసి గడులు (ఒక్కో బొమ్మ ఉండే పెట్టెలు), మొత్తం తొమ్మిది. గడులన్నీ ఒకే కొలత కాబట్టి చదివేవాడికి గడియారం ముల్లు చప్పుడులా ఒక లయ పట్టుకుంటుంది. అయిదో సంచిక తీసి చూడండి. నడిమి రెండు పేజీలను అద్దం అనుకుంటే మొదటి పేజీ గడుల అమరిక చివరి పేజీలో, రెండోది చివరినుంచి రెండోదాంట్లో తిరగబడి కనిపిస్తుంది. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పేవాడికే అది దొరుకుతుంది. 2009 సినిమాలో జాక్ స్నైడర్ ఎన్నో గడుల్ని ఉన్నదున్నట్టే తెరకెక్కించాడు. అయినా ఈ అద్దం రాలేదు, రాదు కూడా. తెరమీద ఒకసారికి ఒక్క ఫ్రేమే కదా ఉండేది.

యతివాది:
పద్యం నిర్దోషం. రెండో పాదంలో 'ఉసురు వోయు', నాలుగో పాదంలో 'పోయె నుసురు' ఎదురెదురుగా నిలబడటం బాగుంది. 'డూహ'కు యతి ఊ–ఉ, స్వరం మీద చెల్లుతుంది. వాదం మీద ఒక సందేహం. సినిమాలో ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య కట్ ఉంటుంది. అదీ ఖాళీయే కదండీ?

గడిరాత:
ఖాళీయే, కానీ ఎంతసేపుండాలో ఎడిటర్ చేతిలో ఉంటుంది. కామిక్కులో చదివేవాడి చేతిలో. స్నైడర్ దెబ్బ పడ్డ చోటల్లా స్లోమోషన్ పెట్టాడు. పుస్తకంలో ఆ దెబ్బ చాలాసార్లు ఒక్క గడి, కొన్నిచోట్ల అసలు గీయనే లేదు, ముందూ వెనకా మాత్రమే ఉంటాయి. గీయనిదాన్ని సాగదీసి చూపిస్తే అసహ్యం పుట్టాల్సిన చోట షోకు పుట్టింది.

నిర్వహణ:
ఒప్పుకుంటాను. 'మూలానికి కట్టుబడితే చాలు' అనే వాళ్లకు ఈ ఒక్క సినిమా చూపిస్తే సరిపోతుంది.

పాతసంచిక:

నాలుగేండ్ల కథను నలిపి నలిపి చుట్టి
రెండు గంటలైన నిండనీక
మందు కథను దెచ్చి మధ్యలో నతికింప
బొమ్మ కదలఁగానె పోయె నుసురు

ఇది 2006లో వచ్చిన 'ఎక్స్-మెన్: ది లాస్ట్ స్టాండ్' మీద. క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన కామిక్కులో జీన్ గ్రే ఫీనిక్స్ (నిప్పుపిట్ట పేరున్న మహాశక్తి) అయింది 1976లో, 101వ సంచికలో. చనిపోయింది 1980లో, 137వ సంచికలో. మధ్యలో ఆమె మంచిదే. విశ్వాన్ని కాపాడుతుంది, జట్టులోని స్కాట్‌ను ప్రేమిస్తుంది, మాస్టర్‌మైండ్ అనే శత్రువు చేసే మాయల్లో కొంచెం కొంచెంగా మునుగుతుంది. ఆ తర్వాతే ఆకలేసి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద డి'బారి జాతి వాళ్లు అయిదు వందల కోట్ల మంది బూడిదవుతారు. రచయితలు మొదట అనుకున్న ముగింపులో ఆమె శక్తులు మాత్రమే పోతాయి, ప్రాణం నిలుస్తుంది. ఇంతమందిని చంపిన మనిషి ఇంటికెళ్లి హాయిగా ఉండటమేంటని సంపాదకుడు జిమ్ షూటర్ అడ్డం తిరిగితే ముగింపు మార్చారు. పాఠకుడు ఏడ్చింది ఆ లెక్కకు.

సినిమా నిడివి 104 నిమిషాలు. అందులో సగం కథ ఫీనిక్స్ కాదు, మ్యూటెంట్ల (పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్ల) శక్తులు పోగొట్టే మందు. అది 2004లో 'ఆస్టోనిషింగ్ ఎక్స్-మెన్'లో జాస్ వీడన్, జాన్ కసాడే నడిపిన వేరే కథ. రెండూ విడివిడిగా బలమైనవే. ఒక కుండలో వండితే ఒకటి ఉడికేలోపు ఇంకోటి మాడింది. తెరమీద నక్షత్రం లేదు, ఆకలి లేదు. జీన్ చాలా దృశ్యాల్లో ప్రతినాయకుడు మాగ్నెటో వెనక ఊరికే నిలబడి ఉంటుంది.

యతివాది:
రెండో పాదంలో 'రెండు–నిండ' ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం), సరిపోయింది. 104 నిమిషాలకు 'రెండు గంటలైన నిండనీక' అనడం నిజం, పద్యానికి కావాల్సిన నిజం. అయితే ఫీనిక్స్ పేరుగానీ, కనీసం నిప్పుపిట్ట అన్న మాటగానీ పద్యంలో లేదు. వచనం తీసేస్తే ఇది ఏ కథో తెలియదు.

పాతసంచిక:
నిజమే. 'మందు' అనగానే మనవాళ్లు ఇంకో మందు అనుకునే ప్రమాదమూ ఉంది.

అరసున్న:

ఇసుక మనిషి యొకఁడు నింటి మిత్రుఁ డొకండు
నల్లజిగురు వాఁడు నడుమ దూఱె
మువ్వురికిని చోటు రెండు గంటల లోనె
బొమ్మ కదలఁగానె పోయె నుసురు

'స్పైడర్-మాన్ 3', 2007. శాండ్‌మాన్, హ్యారీ, వెనమ్. ముగ్గురు ప్రతినాయకులు ఎక్కువైపోయారు.

యతివాది:
మూడో పాదంలో యతి తప్పింది. 'ము'కు నాలుగో గణం మొదట 'రె' వచ్చింది, మైత్రి లేదు, ప్రాసయతీ కుదరదు. పైగా సమాచారం కూడా తప్పు. ఆ సినిమా 139 నిమిషాలు, రెండు గంటలు దాటింది. గణాలు కలిశాయని నిడివి కోసేయకూడదు కదండీ. ఇలా మారిస్తే?

మువ్వురకును జోటు ముక్కముక్కగఁ బంచ

అరసున్న:
బాగుంది, అదే ఉంచండి. నేను చెప్పదలచుకున్న తప్పు కూడా నిడివి కాదు, పంపకమే.

పాతసంచిక:
ముగ్గురుండటమే తప్పంటే నేనొప్పుకోను. ఎవడికి ఎంత అన్నదే లెక్క. కామిక్కులో స్పైడర్-మాన్ నల్ల సూట్ 1984లో వచ్చింది, వెనమ్ పూర్తిగా కనిపించింది 1988లో, 300వ సంచికలో. మళ్లీ అదే నాలుగేళ్లు! సూట్ మీద అనుమానం, వదిలించుకోవడం, అది పగబట్టడం, అన్నీ పాఠకుడు మరిచిపోయేంత కాలం తీసుకుని తిరిగొచ్చాయి. సినిమాలో ఎడ్డీ బ్రాక్ ఆ సూట్ అంటుకుని వెనమ్ అయ్యేసరికి కథ చివరి మలుపులో ఉంటుంది. దర్శకుడు శామ్ రైమీకి ఆ పాత్ర మీద మోజు లేదు, నిర్మాత పట్టుబడితే చేర్చాడు. శాండ్‌మాన్ ఇసుకలోంచి లేచి కూతురి లాకెట్ పట్టుకోబోయే దృశ్యం చూడండి. మాట లేదు, చెయ్యి కూలిపోతుంది, మళ్లీ కట్టుకుంటుంది. ఆయన మనసు పెట్టిన చోటు అది.

సీజీకూలీ:

నోటి దురుసె యతని నుదుటి రాత యనంగ
మూతి కుట్టి వదలి మురిసిరయ్య
మాటకారి కపుడు మౌనవ్రత మిడంగ
బొమ్మ కదలఁగానె పోయె నుసురు

రెండోది:

కట్టుబట్టఁ గూడఁ గంప్యూటరే కుట్ట
నీడ పడదు ముడుత నిలువ దకట
పచ్చవెలుఁగు పూఁత పైపైనె, సీజీల
బొమ్మ కదలఁగానె పోయె నుసురు

మొదటిది 2009 'వుల్వరిన్' సినిమాలో డెడ్‌పూల్ అనే వాగుడుకాయ గతి. కళ్లలోంచి కిరణాలు, చేతుల్లోంచి కత్తులు అన్నీ అదనంగా ఇచ్చి, ఉన్న ఒక్కటీ, వాగుడు, పీకేశారు. రెండోది 2011 'గ్రీన్ లాంటర్న్'. సీజీ అంటే కంప్యూటర్లో గీసిన బొమ్మ. విశేషమేమంటే రెండింట్లోనూ నటుడు ర్యాన్ రేనాల్డ్సే.

లాంటర్న్ షూటింగులో ఆయన వేసుకుంది గుర్తులు అంటించిన బూడిదరంగు సూట్. పచ్చ సూటూ కంటి మాస్కూ తర్వాత కంప్యూటర్లో తొడిగారు. ఇందులో మూడుచోట్ల కన్ను పట్టేస్తుంది. ఒకటి మెడ అంచు. అసలు బట్టయితే తల తిప్పినప్పుడు చర్మాన్ని నొక్కి గీత పెడుతుంది, కింద సన్నని నీడ పడుతుంది. రెండు, మోచెయ్యి మడిచినప్పుడు లోపలివైపు పడే ముడతలు. మూడు, మాస్క్. కనుబొమ్మ లేచినప్పుడు మాస్క్ అంచు చర్మంతో పాటు లాగబడాలి. వెంట్రుకవాసి ఆలస్యమైనా మొహం మీద స్టిక్కర్ తేలుతున్నట్టుంటుంది. సూట్ వెలుగుతూ ఉండాలని నిర్ణయించడంతో ఇంకో చిక్కు వచ్చింది. వెలిగే వస్తువు గడ్డం కిందా చేతుల మీదా పచ్చని కాంతి వేయాలి. సెట్లో ఆ కాంతి లేకపోతే తర్వాత మొహం మీద కూడా పెయింట్ చేయాల్సిందే. చుట్టుపక్కల కథలోని ఓవా గ్రహం కూడా సీజీయే అయినప్పుడు కంటికి నిజమైన కొలత ఒక్కటీ మిగలదు.

గడిరాత:
2016 'డెడ్‌పూల్' మొదట్లో సూట్ పచ్చగానో యానిమేషన్‌తోనో వద్దని రేనాల్డ్సే బతిమాలతాడు. మీ రెండు పద్యాలకూ ఒకే జవాబు. అది సుమారు 5.8 కోట్ల డాలర్ల సినిమా. లాంటర్న్‌కు 20 కోట్లన్నారు. డెడ్‌పూల్‌లో సూట్ బట్టతో కుట్టిందే, కళ్లు మాత్రం సీజీ. గీత బొమ్మలో లాగా తెల్ల కళ్లు చిన్నవై పెద్దవవుతాయి. మాస్కున్న మనిషికి మొహం అక్కడే ఉంది.

యతివాది:
'మౌనవ్రత'లో వ్రకు ముందున్న న గురువు, తగణం (రెండు గురువులు, ఒక లఘువు) కుదిరింది. మా–మౌ యతి సరే. రెండో పద్యంలో 'సీజీల బొమ్మ' అని సమస్యనే సమాసంలోకి లాగడం అసలైన పూరణ చమత్కారం. 'దకట' మాత్రం గణం నింపడానికి పెట్టినట్టుంది.

సీజీకూలీ:
నింపడానికే పెట్టాను, అకట!

గడిరాత:
సమస్యకు ఎదురు తిరగొచ్చా?

చుక్కముద్ర లద్ది సొగసైన రంగుల
సగము బొమ్మలందె జవము నింప
నెవఁడు పలుకు నింక నెలుఁగెత్తి సభలోన
బొమ్మ కదలఁగానె పోయె నుసురు

2018 'స్పైడర్-మాన్: ఇంటు ది స్పైడర్-వర్స్'. సెకనుకు 24 ఫ్రేములు. అందులో చాలాచోట్ల ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. అడవిలో ఊగే దృశ్యంలో కొత్తగా నేర్చుకుంటున్న కుర్ర స్పైడర్-మాన్ మైల్స్‌కు 12, ఆరితేరిన స్పైడర్-మాన్ పీటర్‌కు 24. పిల్లాడి తడబాటు మాటల్లో కాదు, లెక్కలోనే ఉంది. మోషన్ బ్లర్ (కదిలేది చెదిరినట్టు కనబడటం) తీసేశారు. దూరంగా ఉన్నవి మసకబార్చే బదులు, చౌక అచ్చులో రంగులు పక్కకు జరిగినట్టు జరిపారు.

నిర్వహణ:
ప్రశ్నగా తిప్పేయడం పాత ఎత్తే, ఇక్కడ చక్కగా అమిరింది. మొదటి పద్యంలో ఖాళీ నింపితే ఉసురు పోతుందన్నారు, ఇక్కడ ఫ్రేముల మధ్య ఖాళీ వదిలి ఉసురు తెచ్చారు. ఈ వారానికి ఈ రెండూ పక్కపక్కన పెడుతున్నాను. అరసున్న గారి పద్యం సవరణతో ఉంటుంది. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

మీస మున్నవాఁడె మీస మడిగె

సీజీకూలీ:
2017 'జస్టిస్ లీగ్' రీషూట్లు! వేరే సినిమా కోసం పెంచిన మీసం తీయడానికి వీల్లేక సూపర్‌మాన్ పైపెదవిని కంప్యూటర్లో గీశారు. నా పూరణ రేపటికి సిద్ధం.

యతివాది:
యతి మీ–మీ. ఈసారి తప్పడానికి వీల్లేదు.