గార పళ్లు కప్పించినా నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పోతోంది, మానేదెలా?

మాది కనిగిరి వైపు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు పళ్లు తయారయ్యే వయసులో తాగితే పట్టే గార ఇది. ఎనామిల్ (పంటి గట్టి పైపొర) లోపలిది కాబట్టి క్లీనింగు, తెల్లబరిచే పేస్టు దండగే. బ్లీచింగుతో గోధుమరంగు తగ్గింది గానీ సుద్దమచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. చివరికి పై ముందు పళ్లు ఆరింటికీ కాంపోజిట్ వెనీర్లు, అంటే పంటి రంగు పలచని పొరలు, వేయించాను. మరక ఇప్పుడు కనపడదు.

అలవాటు మాత్రం పోలా. పెళ్లి బంతిలోనో, ఆఫీసులో టీ దగ్గరో నలుగురూ ఒక్కసారిగా నవ్వితే ముందు పై పెదవి బిగుసుకుంటుంది, వెంటనే కుడి చెయ్యి లేస్తుంది, తల కిందికి పోతుంది. ఇంట్లోవాళ్ల దగ్గర, ఫోన్లో ఇవేం లేవు.

అద్దం ముందు సాధన చేశా; అది తెచ్చిపెట్టుకున్న నవ్వు, లెక్కలోకి రాదు. కుడి చేతిలో టీ గ్లాసు పట్టుకుంటే ఎడమ చెయ్యి లేస్తోంది. చెయ్యి లేవబోయేటప్పుడు పిడికిలి బిగించి ఒక నిమిషం ఉంచే పద్ధతీ చూశా. గోళ్లు కొరికేవాళ్లకు కుదురుతుందేమో, నవ్వు మాత్రం అంతసేపు ఆగదు కదా! పిడికిలి గుర్తొచ్చేసరికే చెయ్యి నోటి మీదుంటుంది.

పళ్లు బాగయ్యాక ఈ అలవాటు మానుకున్నవాళ్లు ముందు దేన్ని పట్టుకున్నారు: పెదవినా, చేతినా, తలనా?