క్యాప్సూల్ మందంగ ఉన్న క్లెబ్సియెల్లాకే బయోఫిల్మ్ తక్కువ వస్తున్నది, ఎందుకు?

కోరుట్ల_పిల్ల:
నమస్తే. హన్మకొండల ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్ చదువుతున్న. ప్రాజెక్టుకు రెండు క్లెబ్సియెల్లా ఐసొలేట్లు (రోగుల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) ఇచ్చిన్రు, రెండూ తెమడ శాంపిళ్లల నుంచి వచ్చినవే. ఒకటి మ్యాక్‌కాంకీ అగర్ (బ్యాక్టీరియా పెంచే జెల్లీ) మీద ముద్దగ మెరుసుకుంట పెరుగుతది. లూపుతోటి లాగితే బెల్లం పాకం లెక్క తీగ సాగుతది, స్కేలు పెట్టి చూస్తే 12 మిల్లీమీటర్లు. రెండోది చిన్న కాలనీలు, తీగ అసలే రాదు. నిగ్రోసిన్ స్టెయిన్ల మొదటిదాని చుట్టూ తెల్లటి వలయం, అంటే క్యాప్సూల్ (బ్యాక్టీరియా మీది చక్కెర పొర), వెడల్పుగ కనబడ్డది, రెండోదానికి సన్నగ.

96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటుల 24 గంటలు పెంచి, పీబీఎస్ (ఉప్పునీళ్ల బఫర్) తోటి మూడుసార్లు కడిగి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ రంగు పోసిన. అడుగుకు అతుక్కున్న బయోఫిల్మ్ (బ్యాక్టీరియా గుంపుగ కట్టే పొర) ఎంతుందో ఈ రంగు చెప్తది. జిగటదానికే రంగు ఎక్కువ పడుతదనుకుంటే ఉల్టా వచ్చింది. మూడుసార్లు చేసినా అదే. మా గైడ్‌కు చూపిస్తే "ఎక్కడో తారుమారు చేసినవ్, మళ్ల చెయ్" అన్నరు. లేబుళ్లు నేను తారుమారు చెయ్యలే.

ఇది మార్కుల సంగతి ఒక్కటే కాదు నాకు. మా అమ్మ 22 ఏండ్ల సంది బీడీలు చేస్తది. చలికాలం వచ్చిందంటే దగ్గు, తెమడ. మందులు వాడితే తగ్గుతది, నెలకు మళ్ల మొదలు. ఆ పురుగు లోపల ఎట్ల పాతుకుంటదో నాకు తెల్వాలె.

అగర్_ప్లేటు:
చెల్లె, నీ ఫలితంల నాకు తప్పు కనబడ్తలేదు. క్యాప్సూల్ అంటే అతుక్కునే బంక అని డిగ్రీలనే మనసుల పడిపోతది. దాని అసలు పని రక్షణ: కాంప్లిమెంట్ (రక్తంల పురుగులను చంపే) ప్రోటీన్లు, తెల్లరక్తకణాలు లోపలి గోడను అందుకోకుండ అడ్డం నిలవడం. అతుక్కోడానికి క్లెబ్సియెల్లాకు టైప్ 1 ఫింబ్రియే లాంటి పొట్టి పోగులున్నయి. పై పొర మందమైతే అవి అందులనే మునిగిపోతయి, ప్లాస్టిక్‌నూ తాకలేవు, కణాన్నీ తాకలేవు. అయితే అన్నిట్ల ఇట్లనే అని థీసిస్‌ల రాయకు. కొన్ని స్ట్రెయిన్లల క్యాప్సూల్ లేకపోతే బయోఫిల్మే సరిగ్గ నిలవదు.

న్యూమోనియా తెచ్చే న్యూమోకాకస్ గురించి చదువు, ఇంకా బాగ తెలుస్తది. చీమిడిల రుణావేశం ఉంటది, దాని క్యాప్సూళ్లల చాలావాటికీ రుణావేశమే. ఒకదాన్నొకటి తోసుకుంటయి, పురుగు చీమిడిల చిక్కకుండ లోపలికి చేరుతది. కణం దగ్గరికి పోయినంక ఆ పొరే అడ్డమైతది, అప్పుడు పలచన చేసుకుంటది. రక్తంల పడితే మళ్ల మందంగ ఉన్నవే బతుకుతయి. 1928ల గ్రిఫిత్ ఈ న్యూమోకాకస్ తోటే చేసిన ఎలుకల ప్రయోగం యాదికుంది గద, నున్నటి కాలనీలది (పొర ఉన్నది) చంపింది, గరుకుది (పొర లేనిది) చంపలే. అప్పటిసంది గరుకుదాన్ని చేతగానిదని పక్కన పెడ్తం. బయోఫిల్మ్ కట్టుడుల మాత్రం తరచు అదే ముందుంటది.

కరీంనగర్_ల్యాబ్:
అన్న చెప్పింది నిజమే గాని, నువ్వు కడిగే పద్ధతి గూడ చూడు. జిగట ఎక్కువుంటే అడుగునుంచి పొరపొరంత లేచిపోతది. కడగకముందు 600 నానోమీటర్ల వెలుగు దగ్గర రీడింగ్ తియ్, పెరుగుదల సమానమా కాదా తేలుతది. ఒక ప్లేటును ఒక్కసారే మెల్లగ కడుగు. కడిగిన నీళ్లను పలచన చేసి ప్లేట్ల మీద వెయ్యి, ఎన్ని కొట్టుకపోయినయో లెక్క దొరుకుతది.

వార్డు_అక్క:
బిడ్డా, నేను ఛాతీ వార్డుల నర్సును. ఏండ్ల తరబడి దగ్గు ఉన్నోళ్ల తెమడల తరచు దొరికేది హీమోఫిలస్ అనే బ్యాక్టీరియా, అదీ క్యాప్సూల్ లేని రకం. పసిపిల్లలకు ఐదు రోగాలకు కలిపి ఇచ్చే పెంటావలెంట్‌ల ఉండే హిబ్ (హీమోఫిలస్ బి రకం) టీకాను బి రకం క్యాప్సూల్ చక్కెర తోటే తయారుచేస్తరు, పొర లేనిదాని మీద అది పనిచెయ్యదు. ఊపిరి గొట్టాల గోడకు బయోఫిల్మ్ కట్టుకుంటే మందు అన్నిటినీ చంపలేదు, అందుకే తగ్గినట్టే తగ్గి మళ్ల వస్తది.

కానీ అమ్మకు అదే ఉన్నదని ఇంట్ల కూసొని అనుకోకు. ముందు టీబీ పరీక్ష, తర్వాత స్పైరోమెట్రీ (ఊపిరి ఊది చూసే పరీక్ష) చేపియ్యి. కల్చర్ అడిగితే మందులు మొదలుపెట్టకముందే, పొద్దున నోరు పుక్కిలించినంక తెమడ పట్టాలె. పొగాకు పట్టుకునేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మను.

కోరుట్ల_పిల్ల:
చేసిన. కడగకముందు రీడింగ్ రెండింటికీ దగ్గరదగ్గరనే ఉంది. మెల్లగ ఒక్కసారే కడిగితే తేడా సగమైంది, కానీ తీగ రానిదే ఇంకా పైన ఉన్నది. ఇద్దరు చెప్పిన కారణాలూ ఉన్నట్టే. ప్లేట్ల ఫొటోలు, కడిగిన నీళ్ల కౌంట్లు పట్టుకొని రేపు మళ్ల చూపిస్త.

అక్కా, అమ్మతోటి మాట్లాడిన. ఒక్కరోజు బీడీలు ఆపమంటే ముందు వద్దన్నది, తర్వాత సోమవారం వస్తనన్నది.