63 ఏళ్ల వయసుకు ఏ సైకిల్: రోడ్డుదా, గ్రావెలా, బ్యాటరీదా?

నయీంనగర్_సార్:
అందరికీ నమస్తే. లెక్కల టీచరుగా రిటైరై రెండేళ్లయింది. నాలుగేళ్ల కింద మా అబ్బాయి రోడ్డు బైక్ కొనిచ్చాడు. వంగిన హ్యాండిల్, 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు. రోజూ పొద్దున హసన్‌పర్తి దాకా వెళ్లి వస్తాను, ఆదివారం ఇంకొంచెం దూరం. ఏడాదికోసారి రామప్పకు, పోను దాదాపు 65 కిలోమీటర్లు. రాను మాత్రం అల్లుడి కారులో.

మొన్నటి వానాకాలం పంట కోతలప్పుడు హైవే దిగి ఊరి రోడ్డు పట్టాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, టార్పాలిన్ కప్పి, అంచు వెంబడి రాళ్లు పెట్టారు. మన దిక్కు ఇది కొత్తేం కాదు. అయినా ముందు చక్రం రాయికి తగిలింది. పడ్డాక ముందు సైకిల్‌ని చూసుకున్నాను, తర్వాత చేతిని. కుడి మణికట్టు దగ్గర ఎముకలో సన్న పగులు, ఆరు వారాలు పట్టీ.

అప్పటి నుంచి ఇంట్లో పంచాయితీ. అబ్బాయి బ్యాటరీ సైకిల్ కొందామంటాడు. నాతో తొక్కే మిత్రుడు గ్రావెల్ బైక్ (లావు టైర్లతో మట్టి, కంకర బాటల మీద కూడా పోయేది) తీసుకో అంటాడు. మా ఆవిడ అసలు సైకిలే వద్దు, కేయూలో (కాకతీయ యూనివర్సిటీలో) నడువు అంటుంది. నాకేమో ఉన్న సైకిలే ఇష్టం, కానీ గంట దాటితే మెడ పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. లక్షలోపు పెట్టగలను. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట_పట్టాలు:
సార్, నాకు 66. రెండు మోకాళ్లూ అరిగాయి. రెండేళ్ల కిందటి దాకా ఫాతిమానగర్ బ్రిడ్జి వచ్చిందంటే దిగి నెట్టుకుంటూ పోయేవాడిని, వెనక ఆటోవాళ్లు హారన్ల మీద హారన్లు. ఇప్పుడు బ్యాటరీ సైకిల్. బ్రిడ్జి ఎక్కేటప్పుడు అసిస్ట్ (మోటర్ చేసే సాయం) రెండులో పెడతా, దిగాక సున్నా. పాత సైకిల్ మీద నెలకు 60 కిలోమీటర్లు తొక్కితే గొప్ప, ఇప్పుడు 300 అవుతోంది. కష్టం తగ్గిందని తక్కువ తొక్కుతామా? నా మటుకు ఉల్టా అయింది.

లైసెన్స్ టెన్షన్ కూడా లేదు. మోటర్ 250 వాట్లకు మించకుండా, వేగం 25 కిలోమీటర్లకు చేరేసరికి సాయం ఆగిపోయేలా ఉంటే చట్టం లెక్కలో అది సైకిలే. రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేట్ ఏదీ అక్కర్లేదు.

చైన్_ఆయిల్:
పెద్దవాళ్లు ఏమీ అనుకోవద్దు, కానీ మోటర్ ఉంటే అది మోపెడే. హసన్‌పర్తి దాకా పోయిరావడానికి మోటర్ ఎందుకు? సార్ కాళ్లు బాగానే ఉన్నాయి, సైకిల్ కూడా బాగానే ఉంది. చెడింది ఫిట్టింగ్. స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కు కలిపే ముక్క) చిన్నది వేసి హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపండి, మెడ నొప్పి సగం పోతుంది. 25 టైర్లలో 90 పీఎస్‌ఐ గాలి కొట్టుకుని తిరిగితే చేతులు తిమ్మిరెక్కక ఏమవుతాయి? ఫ్రేమ్‌లో సందు ఉంటే 28 గానీ 30 గానీ వేసి 70కి దించండి. మూడు వేల ఖర్చుతో అయిపోయే పనికి లక్ష ఎందుకు?

కాజీపేట_పట్టాలు:
మోపెడ్ తొక్కకుండా కూడా పోతుంది తమ్ముడూ. నాది తొక్కితేనే పోతుంది. నీ మోకాళ్లకు 66 వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

మోరం_బాట:
తమ్ముడు ఫిట్టింగ్ గురించి చెప్పింది కరెక్టే, నేనూ ముందు అదే చేశాను. కానీ రోడ్డు బైక్ ఫ్రేమ్‌లో టైరుకు ఒక హద్దు ఉంటుంది. పాత మోడళ్లలో చాలావాటికి 28 దాటితే బ్రేకుకు రాసుకుంటుంది. మన రోడ్లు చూడండి. డాంబర్ అయిపోగానే మోరం, మోరం అయిపోగానే కంకర, ఊళ్లోకి రాగానే సీసీ రోడ్డు, దాని మధ్యలో పైపులైన్ కోసం తవ్వి పూడ్చని గాడి. ఒక్క పొద్దుట్లో ఇవన్నీ తగులుతాయి.

నాకు 58. గ్రావెల్ బైక్ తీసుకుని మూడేళ్లు. 40 మిల్లీమీటర్ల టైర్లు, నా 72 కిలోల బరువుకు 38, 40 పీఎస్‌ఐ గాలి. ధర్మసాగర్ వైపు వెళ్లినప్పుడు గట్టు బాట కనిపిస్తే దిగిపోతా. లారీలు ఉండవు, పక్కన కొంగలు, ఎదురొచ్చేది మహా అయితే బర్రెల మంద. హైవే మీద రోడ్డు బైక్ వాళ్లకంటే గంటకు రెండు మూడు కిలోమీటర్లు వెనకబడతాను. ఈ వయసులో ఎవరికి చూపించాలి ఆ మూడు కిలోమీటర్లు?

ఇంకో సంగతి, గేర్లు. రోడ్డు బైక్‌లో అన్నిటికంటే తేలిక గేరు సాధారణంగా ముందు 34 పళ్లు, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒకటింబావు చుట్టు దాకా తిరగాలి. నా దాంట్లో ముందు 40, వెనక 42. ఒక చుట్టు తొక్కితే చక్రం ఒక చుట్టు కూడా తిరగదు. చడావు మీద మోకాలికి ఆ తేడా తెలుస్తుంది. సార్ లెక్కల టీచరు కాబట్టి ఇది ఆయనకే వదిలేస్తా.

హంటర్‌రోడ్_57:
మీ మగవాళ్ల చర్చలో ఒక మాట. ఎవరూ ఎక్కడం, దిగడం గురించి మాట్లాడటం లేదు. మా వయసులో పడేది వేగంలో కాదు, కాలు వెనక నుంచి తిప్పి సీటు దాటించేటప్పుడు. నేను అట్లా రెండుసార్లు ఇంటి గేటు ముందే పడ్డాను. ఇప్పుడు నాది మధ్య రాడ్ కిందికి వంగి ఉండే బ్యాటరీ సైకిల్. పంజాబీ డ్రెస్‌తో హాయిగా ఎక్కుతా. లేడీస్ సైకిల్ అని మా వారు నవ్వారు, ఇప్పుడు కూరగాయలకు ఆయనే తీసుకెళ్తున్నారు.

కానీ ఒకటి, బరువు 23 కిలోలు. మా గేటుకు రెండు మెట్లు ఉన్నాయి. ఎక్కించలేక సిమెంటుతో చిన్న ర్యాంప్ కట్టించాం. మీది మేడ మీది ఇల్లయితే ముందే ఆలోచించుకోండి.

చైన్_ఆయిల్:
అదే నేను చెప్పేది. దారిలో చార్జింగ్ అయిపోతే 23 కిలోలు, పైగా మోటర్ వెనక్కి లాగుతుంది. ములుగు రోడ్డు మీద అట్లా ఇరుక్కుంటే ఇక అంతే.

పాన_పట్టుకారు:
తమ్మీ, వెనక్కి లాగదు. నేను రిపేర్లు చేసేవాడిని కాబట్టి చెప్తున్నా. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువ శాతం గేర్లున్న హబ్ మోటర్లు, అంటే చక్రం మధ్యలోనే ఉండేవి. లోపల ఒకవైపు తిరిగే క్లచ్ ఉంటుంది, మోటర్ ఆగితే చక్రం వదులుగా తిరుగుతుంది. గేర్లు లేని పెద్ద హబ్ మోటర్లు లాగుతాయి, అవి వేరు. బరువు మాత్రం బరువే, దాన్ని ఎవరూ తగ్గించలేరు.

అసలు గోస పంక్చర్. వెనక చక్రం విప్పాలంటే 18 నంబర్ పాన కావాలి, మోటర్ వైరు కనెక్టర్ ఊడదీయాలి, మళ్లీ వాషర్లు ఉన్న వరుసలోనే వేయాలి. ఊళ్లో పంక్చర్ షాపాయన దాన్ని చూడగానే చేతులెత్తేస్తాడు. అందుకే చక్రం విప్పొద్దు. టైరు ఒకవైపే ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, అక్కడే అతికించమనండి. పాతకాలం సైకిల్‌కు చేసినట్టే.

కొనేటప్పుడు పెడల్ సెన్సర్ ఏదో అడగండి. చవక రకాల్లో పెడల్ తిరిగిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడ్డాక కాలు పెట్టగానే బండి ఒక్కసారి దూకుతుంది. పెద్దవాళ్లు భయపడేది అక్కడే. టార్క్ సెన్సర్ ఉంటే మీరు ఎంత నొక్కితే దానికి తగ్గట్టు తోస్తుంది. ధర ఎక్కువే, కానీ మీ వయసుకు అదే మంచిది. ఎండలో తిరిగొచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, బ్యాటరీ చల్లారాక పెట్టండి. మన మే నెల వేడికి లిథియం బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది.

ఫిజియో_వరంగల్:
సార్, మీకు మణికట్టు విరిగింది కాబట్టి ఇది చెప్పాలి. ఏ సైకిల్ తొక్కినా ఎముకలకు పెద్దగా బలం రాదు, ఎందుకంటే శరీరం బరువును సీటు మోస్తుంది. గుండెకు, తొడలకు మంచిది, అంతవరకే. వారంలో రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, కొంచెం నడక కూడా పెట్టుకోండి. ఆ విషయంలో మీ ఇంటి మేడమ్ గారిదే పైచేయి. ఎముక సాంద్రత పరీక్ష చేయించారా?

మోటర్ ఉంటే వ్యాయామం కాదన్నది తప్పు. అసిస్ట్ తక్కువలో పెట్టి తొక్కితే చురుకైన నడకకు ఏమాత్రం తీసిపోదు. కాకపోతే మోకాలు నొప్పి లేనివాళ్లకు మోటర్ అవసరమని కూడా నేననను.

ఖిల్లా_రైడర్:
అన్నీ చదివాను. నాకొక డౌట్. సార్ పడింది టైరు వల్లా? ఆ సైజు రాయికి ఏటవాలుగా తగిలితే 40 టైరు కూడా జారుతుంది. బ్యాటరీ సైకిల్ అయితే ఇంకో పది కిలోల బరువుతో మీద పడేది. అంచున రాళ్లుంటాయని తెలిసిన మనిషికి రాయి ఎందుకు కనిపించలేదు? లైట్ ఉందా? కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు?

నయీంనగర్_సార్:
రెండు వారాలు ఇటు రాలేదు, క్షమించాలి.

ఖిల్లా_రైడర్ గారి ప్రశ్న చదివి మొదట కొంచెం కోపం వచ్చింది. తర్వాత వెళ్లి చూపించుకున్నాను. కుడి కంట్లో శుక్లం. మసక వెలుతురులో అందుకే తేడా తెలియడం లేదట. ఆపరేషన్ వచ్చే నెల. సైకిల్‌కు లైటు ఉంది కానీ ఎదుటివాళ్లకు నేను కనబడటానికే పనికొస్తుంది, నాకు రోడ్డు కనబడటానికి కాదు.

ఈ లోపు కాజీపేట ఆయన తన సైకిల్ ఇచ్చారు, ఫాతిమానగర్ బ్రిడ్జి రెండుసార్లు ఎక్కి దిగాను. బాగుంది, అబద్ధం చెప్పను. కానీ 25 దగ్గర మోటర్ ఆగిపోగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టుంది. చదును రోడ్డు మీద నా మామూలు వేగమే ఇంచుమించు అంత. అంటే బరువు నాది, సాయం లేదు. మోకాళ్లు అరిగిన రోజు మళ్లీ ఆలోచిస్తా. మోరం_బాట గారి గ్రావెల్ బైక్ మీద ధర్మసాగర్ గట్టు వెంట గంటన్నర తిరిగాను. మెడ గుర్తుకే రాలేదు. 34ను 28తో, 40ను 42తో భాగించి కూడా చూశాను, ఆయన చెప్పింది నిజమే.

గ్రావెల్ తీసుకుంటున్నాను. ఆపరేషన్ అయ్యి, డాక్టర్ సరే అన్నాకే. కోతలు అయ్యేదాకా ఊరి రోడ్లు తెల్లారాకే. మా ఆవిడ వారానికి మూడు రోజులు కేయూలో నడిపిస్తానని షరతు పెట్టింది, ఒప్పుకున్నా. చైన్_ఆయిల్ తమ్ముడూ, పాత సైకిల్ అమ్మడం లేదు. స్టెమ్ మార్పించాను, హైవే ఆదివారాలకు అది ఉంటుంది.

చైన్_ఆయిల్:
సంతోషం సార్. టైర్లు 28 వేయించారా?

నయీంనగర్_సార్:
వేయించా. బ్రేకుకు రాసుకోవడం లేదు.

పాన_పట్టుకారు:
సార్, గ్రావెల్‌కు ట్యూబ్‌లెస్ వేయిస్తే సీలెంట్ (పంక్చర్ పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) మూడు నెలలకోసారి చూసుకోండి. మన ఎండలకు అంతకంటే ముందే ఆరిపోతుంది. చక్రం ఊపి చూడండి, లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకపోతే పోయించాల్సిందే.