మా వీధికి పచ్చరంగు వేసింది పటమా, నేనా?

ప్రశ్న:
హైదరాబాదు బాచుపల్లి వైపు మా కాలనీ. తోటలు పోయి అపార్టుమెంట్లు లేచాయి, ఒక్కోదానికీ ఒక సెప్టిక్ ట్యాంకు. వాటి నుంచి నైట్రేటు నేలలోకి దిగుతుందేమోనని నా అనుమానం. వేసవిలో 34 బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్ష చేయించాను. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఐడీడబ్ల్యూ పద్ధతిలో (దగ్గరి బోర్ల అంకెలకు ఎక్కువ బరువిచ్చి మధ్య చోట్లకు అంచనా కట్టడం) నైట్రేటు పటం గీస్తే మా వీధంతా ఆకుపచ్చగా, అంటే నైట్రేటు హద్దులోనే ఉన్నట్టు వచ్చింది. తీరా చూస్తే మా బోరులో లీటరుకు 31 మిల్లీగ్రాములు, ఎదురింటి బోరులో 88. ఎదురింటావిడ పటం చూసి, "మాది పచ్చే కదండీ" అని నిశ్చింతగా బిందె ఎత్తుకుని వెళ్లారు. తప్పెక్కడ జరిగింది?

జవాబు 1:
పటంలో గడి (ఒకే రంగు పడే చిన్న చదరం) ఎంత పెట్టారు? నూరు మీటర్లయితే రెండు బోర్లూ ఒకే గడిలో పడి ఉంటాయి. గడి నడిమధ్యకు మీ బోరు దగ్గర కాబట్టి మీ అంకే గెలిచింది. అయితే గడి చిన్నది చేసినా ఊరట తక్కువే. మన అడుగున ఉన్నది గ్రానైటు. నీరు ఇసుకలోలా పరుచుకుని ఉండదు, పగుళ్లలో ఉంటుంది. రెండు బోర్ల మధ్య రంగు పూయడమంటే అక్కడ లేని నీటిని చూపడమే. రెండింటి లోతూ కనుక్కోండి, లోతు వేరైతే నీరందే పగుళ్లూ వేరు కావచ్చు. వానాకాలం దాటాక మళ్లీ సీసాలు పట్టండి, ఐసుపెట్టెలో పెట్టి రెండు రోజుల్లోపు ల్యాబుకు చేర్చండి.

జవాబు 2:
మా ఇంట్లో టీడీఎస్ మీటరు 420 చూపిస్తోంది. బాగున్నట్టే కదా? కాచి తాగితే ఇంకేం భయం?

జవాబు 1:
ఆ మీటరు మొత్తం లవణాల లెక్కే చెబుతుంది, అందులో నైట్రేటు ఎంతో చెప్పదు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, సడలింపు లేదు. కాస్తే నీరు ఆవిరై నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో అయితే తగ్గిస్తుంది. అన్నిటికన్నా ముప్పు సీసాపాలు తాగే పసిపిల్లలకు. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది.

ప్రశ్న అడిగినవారు:
లోతులు అడిగాను. మాది 900 అడుగులు, వాళ్లది 280. రంగులన్నీ తీసేసి చుక్కలే ఉంచాను, ప్రతి చుక్క పక్కన లోతు రాశాను. ఎదురింట్లో నాలుగు నెలల మనవరాలుందట, పాలపొడి ఆ నీళ్లతోనే కలుపుతున్నారట. ఇప్పుడే నల్లా నీళ్ల డబ్బా ఒకటి ఇచ్చి వచ్చాను. పాత పటం వాట్సాప్ గ్రూపులో ఇంకా తిరుగుతోంది.